తాగుడు మానిన ఫ్యాక్టరీ

సెలవుకు ముందు రాత్రి క్యాంపులో ఏ గది ముందు నిలబడ్డా ఒక మాట వినిపిస్తుంది. "వారమంతా ఒళ్ళు హూనమైంది. ఒక్కటేస్తే నిద్ర పడ్తది. అంతే గదనే!" ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాదు. నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపేవాడే, తోటివాడికి జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేవాడే. కానీ ఆ ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వారానికోసారి అనుకున్నది రోజూ అలవాటవుతుంది. చివరికి ఒక రోజు ఉదయం బస్సు వెళ్ళిపోతుంది, మనిషి మాత్రం మంచం మీదే ఉంటాడు.

అప్పుడు అందరం అనేది ఒక్కటే: "వాడంతే. వాడు మారడు."

నిజంగా తాగుడు మనిషి గుణమేనా? లేక మనిషి బతుకుతున్న తీరులో, చేస్తున్న పనిలో, పక్కనున్న సావాసంలో దాని వేర్లున్నాయా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే చరిత్ర ఒకటి అమెరికాలో ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. మన జిల్లాల నుంచి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది ఉంటున్న ఊరు అది. ఈ కథ మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్ళది కాదు. చేతికి గ్రీజు అంటించుకుని, షిఫ్టుల్లో పని చేసిన కార్మికులది. మనలాంటి వాళ్ళది.

ద్రాక్షతోటల నేల

ఫ్రీమాంట్ ఊరుగా ఏర్పడింది 1956లో. అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఒక పట్టణమయ్యాయి. అందులో ఒకటి మిషన్ శాన్ హోసే. 1797లో స్పెయిన్ దేశపు క్రైస్తవ సన్యాసులు అక్కడ మఠం కట్టారు. ఆ నేల అసలు వారసులు ఒహ్లోనీ తెగవారు. మఠం పొలాల్లో, తోటల్లో చాకిరీ చేసింది వాళ్ళే. ఇంకో ఊరు వార్మ్ స్ప్రింగ్స్. అక్కడ 19వ శతాబ్దంలో స్టాన్‌ఫర్డ్ కుటుంబానికి పెద్ద ద్రాక్షతోటలు, వైన్ తయారీ ఉండేవి.

కాలిఫోర్నియాలో మందుకూ కూలికీ మధ్య ముడి ఎంత పాతదో చూడండి. 1850లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పని లేకుండా తిరుగుతున్నాడని, తాగి ఉన్నాడని చెప్పి స్థానిక తెగల మనిషిని పట్టుకుని, జరిమానా కట్టినవాడికి అతని చాకిరీని అప్పజెప్పవచ్చు. దక్షిణాన లాస్ ఏంజెలస్‌లో ఇది పెద్ద వ్యాపారమే అయింది. ఆదివారం తాగిన వాళ్ళను పట్టి కొట్టంలో వేసేవారు. సోమవారం వేలం. ద్రాక్షతోట యజమాని పాట పాడుకుని వారం పాటు పని చేయించుకునేవాడు. వారాంతంలో కూలిలో కొంత సారా రూపంలో ఇచ్చేవాడు. అది తాగి ఆదివారం మళ్ళీ దొరికిపోయేవారు. సోమవారం మళ్ళీ వేలం.

దక్షిణాఫ్రికాలోని కేప్ ద్రాక్షతోటల్లో కూడా కూలిలో భాగంగా వైన్ పోసే పద్ధతి తరతరాలు నడిచింది. దాన్ని 'డాప్' అనేవారు. మన దగ్గర సారా దుకాణం కూలిపేట పక్కనే ఎందుకుండేదో, కూలి డబ్బులు పంచే సాయంత్రమే అక్కడ గిరాకీ ఎందుకు పెరిగేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అంటే తాగుడు ఎప్పుడూ ఒక్క మనిషి బలహీనత మాత్రమే కాదు. దాని వెనక ఒకడి లాభం, ఒకడి అలసట రెండూ ఉంటాయి.

చెడ్డపేరు మోసిన ప్లాంటు

1960వ దశకం మొదట్లో జనరల్ మోటార్స్ కంపెనీ ఫ్రీమాంట్‌లో కార్ల ఫ్యాక్టరీ పెట్టింది. మంచి జీతాలు, బలమైన యూనియన్. ఒక దశలో వేల మందికి అక్కడ పని. అయినా 1970ల చివరికి ఆ ప్లాంటుకు అమెరికా కార్ల పరిశ్రమలోనే అందరికంటే చెడ్డపేరు వచ్చింది.

ఏ రోజు చూసినా వంద మందిలో ఇరవై మందికి పైగా డ్యూటీకి వచ్చేవారు కాదు. సోమవారం, శుక్రవారం లైను నడపడానికి మనుషులు చాలక సూపర్‌వైజర్లు నానా పాట్లు పడేవారు. మద్యం, మత్తుమందులు ఫ్యాక్టరీ లోపలికే వచ్చాయి. డ్యూటీలోనే తాగేవారు. పరిష్కారం కాని ఫిర్యాదులు వేల సంఖ్యలో పేరుకుపోయాయి. మేనేజ్‌మెంటు మీద కసితో కొందరు కావాలని కార్లు పాడుచేసేవారు. తలుపు లోపల ఖాళీ సీసా పెట్టి మూసేస్తే, కారు కొన్నవాడికి ఆ గలగల ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు.

ఎందుకిలా? ఆ పని తీరు ఒకసారి చూడాలి. లైను ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదన్నది రూలు. ఇంజన్ తప్పుగా బిగించినా, బోల్టు వదిలేసినా కారు ముందుకే పోవాలి. తప్పు కళ్ళముందు కనిపిస్తున్నా చెప్పే హక్కు లేదు. చెప్పినా వినేవాడు లేడు. రోజంతా ఒకే స్క్రూ తిప్పాలి. మెదడుతో పని లేదు, చేతులతోనే పని. సూపర్‌వైజర్‌కు కార్మికుడు దొంగలా, కార్మికుడికి సూపర్‌వైజర్ శత్రువులా కనిపించేవారు. జీతం బాగానే ఉంది, మర్యాద మాత్రం లేదు. అలాంటి చోట సీసా ఒక్కటే తోడైంది.

1982లో కంపెనీ ప్లాంటు మూసేసింది. వేల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఊళ్ళో చాలామంది అన్నమాట ఒకటే: "తాగుబోతులు, చేజేతులా పోగొట్టుకున్నారు."

అదే మనుషులు, అదే షెడ్డు

రెండేళ్ళకు ఒక వింత జరిగింది. జపాన్‌కు చెందిన టొయోటా, జనరల్ మోటార్స్‌తో భాగస్వామ్యం కుదుర్చుకుని అదే ప్లాంటును 1984లో మళ్ళీ తెరిచింది. కొత్త పేరు నమ్మీ. పనివాళ్ళను ఎక్కడి నుంచి తెచ్చారో తెలుసా? యూనియన్‌తో ఒప్పందం ప్రకారం దాదాపు 85 శాతం మంది పాత ప్లాంటు వాళ్ళే. డ్యూటీకి ఎగనామం పెట్టినవాళ్ళు, లైను మీద తాగినవాళ్ళు, యూనియన్ నాయకులు కూడా తిరిగి వచ్చారు.

నాలుగు వందలకు పైగా టీం లీడర్లను, గ్రూప్ లీడర్లను జపాన్‌లోని తకవోకా ప్లాంటుకు శిక్షణకు పంపారు. 1984 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చింది. 1986 చివరికల్లా పాత ప్లాంటు కంటే రెట్టింపు ఉత్పాదకత, జనరల్ మోటార్స్ ప్లాంట్లన్నింటిలో ముందు వరస. డ్యూటీకి రానివాళ్ళు ఇరవై శాతం నుంచి మూడు నాలుగు శాతానికి తగ్గారు. ఫ్యాక్టరీ లోపల మద్యం, మత్తుమందుల గొడవ చెప్పుకోదగ్గ సమస్య కాకుండా పోయింది.

మనుషులు వాళ్ళే, షెడ్డు అదే, యూనియన్ కూడా అదే. మరి మారిందేమిటి?

త్రాడు చేతికిచ్చారు

మొదటి మార్పు లైను పక్కన వేలాడే త్రాడు. ఏ కార్మికుడికైనా తప్పు కనిపిస్తే ఆ త్రాడు లాగవచ్చు. లాగితే పాట మోగుతుంది, టీం లీడర్ పరిగెత్తుకొస్తాడు. తిట్టడానికి కాదు, సాయం చేయడానికి. సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. ఒకప్పుడు నోరెత్తనివ్వని చోట, ఇప్పుడు ఒక మామూలు కార్మికుడి చెయ్యి ఫ్యాక్టరీని ఆపగలదు. ఆ త్రాడు "నీ మాటకు విలువుంది" అని చెప్పినట్టయింది.

రెండోది జట్టు. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక టీం. ఒకరి పని ఒకరు నేర్చుకునేవారు. గైర్హాజరైన వాడి బదులు పెట్టడానికి అదనపు మనుషులు లేరు. ఒకడు తాగి పడుకుంటే ఆ బరువు టీం లీడర్ మీద, పక్కవాళ్ళ మీద పడుతుంది. రాత్రి సీసా ఎత్తేటప్పుడు పొద్దున ఇబ్బంది పడబోయే స్నేహితుడి ముఖం గుర్తుకొస్తుంది. బాస్ భయం కంటే అది ఎక్కువ పని చేసింది.

మూడోది మర్యాద. ఆఫీసర్లకు వేరే క్యాంటీన్, వేరే పార్కింగ్ తీసేశారు. అందరూ ఒకే చోట తినేవారు.

నాలుగోది మాట నిలబెట్టుకోవడం. గత్యంతరం లేకపోతే తప్ప ఎవర్నీ తీసేయబోమని ఒప్పందంలో రాశారు. 1980ల చివర్లో కార్ల అమ్మకాలు పడిపోయి ప్లాంటు సగం సామర్థ్యానికి కాస్త పైన మాత్రమే నడిచిన రోజుల్లో కూడా ఒక్కర్నీ ఇంటికి పంపలేదు. పని లేనివాళ్ళను శిక్షణలో పెట్టారు. అప్పుడు నమ్మకం కుదిరింది.

అలాగని అంతా మెత్తగా నడవలేదు. హాజరు విషయంలో రూళ్ళు కఠినంగానే ఉండేవి. పదే పదే ఎగ్గొడితే ఉద్యోగం పోయేది. పైగా రెండేళ్ళు పని లేక పస్తులున్న భయం అందరికీ గుర్తుంది. ఆ భయం కూడా పని చేసిందని ఒప్పుకోవాలి. కానీ భయం ఒక్కటే చాలుతుందనుకుంటే, పాత ప్లాంటులోనూ భయం ఉంది కదా! అక్కడ లేనిది గౌరవం.

ఇంకో సంగతి. లాస్ ఏంజెలస్ దగ్గర వాన్ నైస్‌లో ఉన్న తన ప్లాంటులో కూడా జనరల్ మోటార్స్ ఈ పద్ధతి పెట్టాలని చూసింది. త్రాళ్ళు కట్టారు, టీంలు వేశారు. కానీ త్రాడు లాగితే కోప్పడే సూపర్‌వైజర్లు, ఒకరినొకరు నమ్మని మనుషులు అలాగే ఉండిపోయారు. ఫలితం లేదు. 1992లో ఆ ప్లాంటు మూతపడింది. పైపై మార్పుతో లోపలి అలవాటు మారదని దీంతో తేలింది.

నమ్మీ కథ కూడా శాశ్వతం కాలేదు. 2009లో జనరల్ మోటార్స్ తప్పుకుంది, 2010 ఏప్రిల్ 1న టొయోటా ప్లాంటు మూసింది. అదే సంవత్సరం టెస్లా కంపెనీ దాన్ని కొనుక్కుంది. కంపెనీలు వస్తాయి, పోతాయి. కానీ పాతికేళ్ళ పాటు ఆ మనుషులు నిలబడి చూపించిన మార్పు మాత్రం అబద్ధం కాదు.

దూబగుంట ఆడవాళ్ళు

మార్పు కంపెనీ తలుచుకుంటేనే వస్తుందా? కాదని మన నెల్లూరు జిల్లా చెప్పింది.

1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు పలక పట్టి అక్షరాలు దిద్దేవారు. పాఠాల్లో వాళ్ళ బతుకే ఉండేది. కూలి ఎంత వస్తోంది, సారాకు ఎంత పోతోంది, ఇంటికి ఎంత మిగులుతోంది అని చర్చ నడిచేది. లెక్క చేతికొచ్చాక కోపం కూడా వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మ ముందు నడవగా ఊళ్ళోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. అది చూసి ఊరూరా ఆడవాళ్ళు లేచారు. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వలేదు.

అప్పట్లో సారా ప్రభుత్వమే ప్యాకెట్లలో సరఫరా చేసేది. 1980లలో తెచ్చిన ఆ పథకం పేరు వారుణి వాహిని. మంచినీళ్ళు రాని ఊళ్ళకు కూడా సారా ప్యాకెట్లు వచ్చేవి. ఉద్యమం ధాటికి 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో మళ్ళీ అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఖజానాకు నష్టం ఒక కారణం, దొంగ సరుకు రాష్ట్రం దాటి వస్తుండడం ఇంకో కారణం. తర్వాత బెల్టు షాపులు ఊరి నడిమధ్యకే వచ్చాయి. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

అమెరికా కూడా ఈ దారిన పోయి వచ్చింది. 1920 జనవరిలో దేశమంతా మద్యం తయారీ, అమ్మకం నిషేధించారు. పదమూడేళ్ళు నడిచాక 1933 డిసెంబరు 5న ఎత్తేశారు. ఆ కాలంలో దొంగ సారా కాచినవాళ్ళు కోటీశ్వరులయ్యారు, కల్తీ తాగినవాళ్ళు కళ్ళు పోగొట్టుకున్నారు.

నిషేధం వల్ల ఏమీ ఒరగలేదనడం తప్పు. దుకాణం దూరమైతే కొంతమందైనా తక్కువ తాగుతారు. దూబగుంటలో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది నిజం. కానీ చట్టం సీసాను దాచగలదు గానీ దాహాన్ని తీసేయలేదు. ఆ పని మనుషులే చేసుకోవాలి.

తాగేవాడికి తాగినవాడే తోడు

నిషేధం ఎత్తేసిన ఏడాదిన్నరకు, 1935 మేలో, అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు కలిశారు. ఒకరు షేర్ల వ్యాపారంలో దెబ్బతిన్న బిల్ విల్సన్, ఇంకొకరు డాక్టర్ బాబ్ స్మిత్. డాక్టరుకే తాగుడు మానడం చేతకాలేదు. ఒకరి గోడు ఒకరికి చెప్పుకుంటూ ఇద్దరూ తాగుడుకు దూరంగా నిలబడ్డారు. అక్కడి నుంచి పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఫీజు లేదు, పేరు చెప్పనక్కర్లేదు. జీవితాంతం మానాలని కాకుండా "ఈ ఒక్కరోజు తాగను" అనుకోవడం వాళ్ళ పద్ధతి. మన దేశంలో హైదరాబాద్ సహా చాలా పట్టణాల్లో వాళ్ళ సమావేశాలు జరుగుతాయి.

ఫ్రీమాంట్ జట్టు, దూబగుంట ఆడవాళ్ళు, ఏక్రన్ ఇద్దరు, ఈ మూడు చోట్లా మూలం ఒకటే. ఒంటరిగా ఉన్నప్పుడు లొంగిపోయిన మనిషి, నలుగురిలో ఉన్నప్పుడు నిలబడ్డాడు.

మన గది సంగతి

సోదరులారా, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన చేతికి ఎవరూ త్రాడు ఇవ్వలేదు. కంపెనీని మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. కానీ ఒక గదిలో ఆరుగురో ఎనిమిది మందో ఉంటాం కదా. అది కూడా ఒక టీమే.

ముందు కొన్ని నిజాలు తెలుసుకోవాలి. మందు నిద్ర పట్టిస్తుంది గానీ నిద్ర నిలవనివ్వదు. అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది, ఒళ్ళు మరింత అలిసిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గుతాయి. పొద్దున ఎండలో పనికి వెళ్ళేవాడికి అది ప్రాణం మీదికి తెస్తుంది. రోజూ తాగితే ఒళ్ళు దానికి అలవాటుపడి, అంతే మత్తుకు ఇంకా ఎక్కువ అడుగుతుంది. అది బలం కాదు, జబ్బు ముదురుతోందని గుర్తు.

మద్యం నిషేధమున్న దేశాల్లో దొంగచాటు సరుకు ఇంకా ప్రమాదం. అందులో మెథనాల్ కలిస్తే రుచిలో, వాసనలో తేడా తెలియదు. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారని, 160 మంది దాకా ఆసుపత్రి పాలయ్యారని అక్కడి ఆరోగ్యశాఖ ప్రకటించింది. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి ఆసియా దేశాల కూలీలే. కొందరికి చూపు పోయింది. తాగిన కొన్ని గంటలకు కళ్ళు మసకబారినా, కడుపునొప్పి, ఆయాసం వచ్చినా పడుకోబెట్టకండి. పోలీసు భయంతో ఆలస్యం చేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళితే ప్రాణం, కళ్ళు దక్కే అవకాశం ఉంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు పౌరుషానికి పోయి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం జరగొచ్చు. అది పిచ్చి కాదు, దయ్యం కాదు, వైద్యం చేయాల్సిన స్థితి. అలాంటివాడు డాక్టర్‌ను కలిసే మానాలి. సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకోవచ్చు. ఇండియాలో ఇంటివాళ్ళు 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే సలహా ఇస్తారు.

అంతగా ముదరనివాళ్ళు గదిలోనే మొదలుపెట్టవచ్చు. దూబగుంట ఆడవాళ్ళు చేసినట్టు ఒక నెల లెక్క రాయండి. మందుకు ఎంత పోయింది, ఇంటికి ఎంత వెళ్ళింది, రెండూ పక్కపక్కన వేసి చూడండి. సెలవు రాత్రి తాగే వేళకు వేరే పని పెట్టుకోండి. కలిసి వంట, క్యారమ్స్, ఇంటికి వీడియో కాల్, ఏదైనా సరే. జీతం రోజున ముందు ఇంటికి పంపి, తర్వాత మిగతా ఖర్చు చూసుకోండి. ఒకడు మానాలనుకుంటే మిగతావాళ్ళు వాడి ముందు సీసా తెరవకండి. "ఒక్కటే కదరా" అని బలవంతం చేయకండి. మానినవాడు మధ్యలో జారిపడితే ఎగతాళి చేయకండి. జారడం ఓటమి కాదు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడమే పని.

"వాడంతే, వాడు మారడు" అని ఫ్రీమాంట్ కార్మికుల గురించి కూడా అన్నారు. రెండేళ్ళలో వాళ్ళు ఆ మాట తప్పని చూపించారు. రేపు పొద్దున బస్సు బయల్దేరేటప్పుడు మీ గదిలో ఒక మంచం మీద ఎవరైనా లేవకుండా పడుకుని ఉంటే, దుప్పటి లాగి తిట్టేముందు ఒక్క నిమిషం పక్కన కూర్చోండి. "ఏమైందన్నా?" అని అడగండి. ఫ్రీమాంట్‌లో త్రాడు లాగితే పరిగెత్తుకొచ్చిన టీం లీడర్ చేసింది కూడా అదే.